పోసు వీధి గుట్టు

"చూడకండి! అటు తిరగండి!" అని అరిచాను.

గొడుగు పట్టుకొచ్చిన అమ్మాయి బిత్తరపోయింది. "ఏమండోయ్, పాపం తడిసిపోతున్నారని గొడుగు పడదామని వస్తే, అటు తిరగమంటారేంటి? బట్టలు వేసుకునే ఉన్నారుగా?"

ఏం చెప్పను? చొక్కా లోపల ఆరు చుట్టల రంగు కాగితం దాచుకుని వీధి దాటుతుంటే ఏప్రిల్ వాన ఒక్కసారిగా దంచికొట్టింది. కాగితం రంగు విడిచింది. నా తెల్ల ప్యాంటు మీంచి ఊదారంగు నీళ్ళు బూట్లలోకి కారిపోతున్నాయి.

"అమ్మో! మీ పోర్చుగల్ వాళ్ళ రక్తం ఈ రంగులో ఉంటుందా?" అని పకపకా నవ్వింది. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది. నేనూ పడ్డాను.

"ఈ రంగు సంగతి ఎవరికీ చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను."

"రంగుకే ఇంత గొడవా? సరే, చెప్పనులెండి. ఏం ఊరండీ మీది!"

మా ఊరు కాంపో మాయోర్. మా పూల పండగకి తేదీ అంటూ ఉండదు, జనానికి బుద్ధి పుట్టిన ఏడాదే వస్తుంది. వచ్చిందంటే మాత్రం ప్రతి వీధీ నెలల తరబడి తలుపులేసుకుని కాగితంతో పూలు చేస్తుంది. ఏ వీధి ఏం చేస్తోందో పండగ రోజు తెల్లవారేదాకా పక్క వీధికి తెలియకూడదు. మా పోసు వీధికి పెద్ద మా అమ్మ, ఎర్మెలిందా. పక్కనున్న నోరా వీధికి పెద్ద ఉంబెలీనా అత్త. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులే. అయినా పండగ ఏడాది చర్చిలో కూడా చెరో మూలా కూర్చుంటారు.

గొడుగు అమ్మాయి పేరు జందీరా. బ్రెజిల్ నుంచి పోర్చుగల్ చూద్దామని వచ్చింది. మా ఊళ్ళో ఒక్క పూట ఉండి పోదామనుకుందట. ఉంబెలీనా అత్త వెల్లుల్లి, కొత్తిమీర వేసిన రొట్టె సూప్ పెట్టి, తిన్నాక చేతికి కత్తెర ఇచ్చింది. అంతే, ఇక కదల్లేదు.

అంటే శత్రువుల పిల్ల! నా పని అయిపోయిందనుకున్నాను. వారం గడిచింది. నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

"చెప్పలేదా?" అని కాఫీ కొట్లో అడిగాను.

"మాటిచ్చానుగా టెల్మో గారూ. పైగా మీ ప్యాంటు పరువు కూడా చూడాలి కదా."

రోజూ నాలుగింటికి అక్కడ కలవడం అలవాటైంది. ఆమెకి అన్నీ సందేహాలే.

"మీవాళ్ళు భోంచేస్తూ కూడా రేపటి భోజనం గురించే మాట్లాడుకుంటారేం?"

"మరి ఇంకేం మాట్లాడాలి?"

"బాగుందని చెప్పడానికి చెవి తమ్మె పట్టుకుంటారేం?"

"నోట్లో ముద్ద ఉంటుందిగా!"

ఆమె అడిగేదాకా నేనూ ఇవేవీ ఆలోచించలేదు. పుట్టి పెరిగిన ఊరే నాకు కొత్తగా కనిపించసాగింది.

నా పుట్టినరోజు నాడు కాఫీ కొట్టు నిండా జనం. జందీరా వచ్చి నా చొక్కా జేబుకి ఎర్ర కాగితం పువ్వు గుచ్చింది. "దానిమ్మ పువ్వు. నేనే చేశాను. బాగుందా?"

ఉబ్బితబ్బిబ్బై చెవి తమ్మె పట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, కొట్లో అందరూ నావైపే చూస్తున్నారని. నోరా వీధి ఏడు నెలలుగా దాచిన పువ్వు నా జేబు మీద ఉంది.

మర్నాడు మధ్యాహ్నం చూసేసరికి జందీరా చర్చి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"వీధి అలంకరణే గుట్టు అనుకున్నాను. ఒక్క పువ్వు కూడా చూపించకూడదని నాకేం తెలుసు?"

"అత్త తిట్టిందా?"

"తిట్టినా బాగుండేది! రోజూ 'ఒసేయ్ మొద్దు పిల్లా' అని పిలిచే మనిషి, ఇవాళ కత్తెర తీసేసుకుని, 'మీరు అతిథులమ్మా, మీకెందుకు శ్రమ' అంది. సంచీ సర్దుకోవడమే మిగిలింది. రేప్పొద్దున బస్సుకి పోతున్నాను."

ఆమె సంచీ కోసం నోరా వీధికి వెళ్ళింది. రేపట్నుంచి నాలుగింటికి కాఫీ కొట్లో నేనొక్కణ్ణే కూర్చోవాలి. ఏదైతే అదయిందని నేనూ వెనకే పరుగెత్తి నోరా వీధి వాళ్ళు పూలు చేసే గది తలుపు తోశాను. నలభై మంది ఆడవాళ్ళు కెవ్వుమని పూల మీద దుప్పట్లు కప్పేశారు.

"మా పోసు వీధి ఈసారి ద్రాక్ష పందిరి! ఊదా గుత్తులు నాలుగు వేలు! రెండు కొసల్లో బాదం చెట్లు!" అన్నాను ఒక్క ఊపిరిలో.

"నోర్ముయ్ రా!" ఉంబెలీనా అత్త చెవులు మూసుకుంది. "మీ అమ్మకి తెలిస్తే నీ తోలు ఒలుస్తుంది!"

"ఒలవనీ. మీ గుట్టు మాకు తెలిసింది, మా గుట్టు మీకు తెలిసింది. చెల్లుకు చెల్లు. ఇక ఆ అమ్మాయిని పంపించకండి."

"మధ్యలో నీకెందుకురా అంత బాధ?"

"ప్రేమిస్తున్నాను అత్తా. ఆమె వెళ్ళిపోతే ఇక నాకు పండగేమిటి?"

గది మూల నుంచి ముక్కు చీదిన చప్పుడు. సంచీ పట్టుకుని జందీరా నిలబడి ఉంది. "ఆ మాట నాతో అనకుండా ఇంతమంది ముందు అంటావా?"

"నీతో చెప్పడానికే ధైర్యం చాలలేదు."

ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఉంబెలీనా అత్త మాత్రం జందీరా దగ్గరకెళ్ళి ముఖం నిమిరింది. "మా గుట్టు ఇది తెలియక బయటపెట్టింది. వాళ్ళ గుట్టు వీడు తెలిసే బయటపెట్టాడు. ఎవరిది ఎక్కువ తప్పో దేవుడికే తెలియాలి. సంచీ కింద పెట్టవే, మొద్దు పిల్లా."

మా ఊళ్ళో కబురుకి కాళ్ళు కాదు, రెక్కలుంటాయి. అంతలోనే మా అమ్మ వచ్చేసింది. ఏడు నెలల తర్వాత మొదటిసారి నోరా వీధి గడప తొక్కింది. ముఖం చూసి నేను గోడకి అంటుకుపోయాను.

"ఉంబెలీనా, వీడి నోట్లో నువ్వుగింజ నానదు. మా గదిలోకి ఇక రానివ్వను. పండగయ్యేదాకా మీరే భరించండి."

"మాకెందుకమ్మా ఈ చేతకాని సరుకు?"

"ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టు. పని అదే నేర్పుతుంది."

అమ్మ జందీరాని ఎగాదిగా చూసింది. జందీరా భయంతో తల దించుకుంది.

"ఆదివారం గొర్రె మాంసం వండుతున్నాను, మధ్యాహ్నం భోజనానికి రా."

"నేనా అండీ?"

"నువ్వే," అంది అమ్మ గుమ్మం దాటుతూ. "వీడూ వస్తానంటే, వెంట తీసుకురా."