మైకులో చెప్పాల్సిన పేరు

ఒక్క వేలు చూపించినందుకు బూల్కారా ఊరు ఊరంతా నన్ను తిట్టిపోసింది.

తప్పు నాది కాదు. ఫుటీలో, అంటే మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్లో, గోల్ అయితే అంపైరు రెండు వేళ్లు చూపించాలి, ఆరు పాయింట్లు. బంతి దారిలో ఎవరి చేతికైనా తగిలి వెళితే ఒక్క వేలు, ఒక్క పాయింటు. హీత్ మల్కాహీ కొట్టిన బంతి మా నర్రాపిన్ కుర్రాడి వేలి చివర తగిలి వెళ్లింది. నేను చూశాను. చూసింది చెప్పడానికే కదా తెల్లకోటు తొడుక్కుని, వానలో తడుస్తూ, గోల్ స్తంభాల మధ్య దిష్టిబొమ్మలా నిలబడింది!

మా లీగులో ఏ జట్టు గోల్ అంపైరును ఆ జట్టే తెచ్చుకోవాలి. నర్రాపిన్‌కి నేను. కాబట్టి ఎదుటి ఊరివాళ్ల దృష్టిలో నేను పుట్టుదొంగని.

"కళ్లు ఎక్కడ పెట్టుకున్నావ్?" అంటూ హీత్ నా మీదికి వచ్చేశాడు. ఆరడుగులు దాటిన మనిషి, మోకాళ్ల దాకా బురద.

"మొహం మీదే ఉన్నాయి. నీకు కనబడట్లేదా?"

"అది గోల్!"

"వేలికి తగిలింది."

"ఎవడి వేలికి?"

"నా వేలికి మాత్రం కాదు. నా వేలు ఇదిగో. సరిగ్గా చూడలేదంటే ఇంకోసారి చూపిస్తా."

వాడికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు, కుదర్లేదు. కోపంతో మీదికొచ్చిన మనిషి అలా నవ్వితే నేనేం కావాలి? వేలు చూపించాక జెండా ఊపాలి, అది కూడా మర్చిపోయాను.

అంతలో బూల్కారా కెప్టెన్ జరాడ్ కేకేశాడు. "ఆ ఆడంగి వెధవతో నీకేంట్రా మాటలు? వచ్చెయ్!"

మా వైపు మైదానం చుట్టూ కార్లు ఆపుకుని, వాటిలో కూర్చునే ఆట చూస్తారు. బూల్కారా నుంచి వచ్చిన కార్లన్నిటిలోంచీ నవ్వులు. హీత్ మొహం మాడిపోయింది. తలొంచుకుని వెళ్లిపోయాడు.

నాకు మగవాళ్లంటేనే ఇష్టమని నర్రాపిన్‌లో అందరికీ తెలుసు, తెలిసి ఊరుకుంటారు. జరాడ్ తెలిసి అన్న మాట కాదది. వాళ్లకి నచ్చని అంపైరు ప్రతివాడూ ఆడంగే. తెలియకుండా విసిరినా రాయి రాయే కదా, తగిలింది.

ఆట అయ్యాక క్యాంటీను దగ్గర మాంసం పై కొనుక్కుని సాసు పోసుకుంటుంటే పక్కన ఎవరో నిలబడ్డారు.

"వేలికి తగిలింది. చప్పుడు నాకూ వినబడింది" అన్నాడు హీత్.

"మరి అంత గొడవెందుకు పడ్డావ్?"

"అలవాటు. నేను అంపైరుతో గొడవపడకపోతే మా నాన్న ఒంట్లో బాలేదా అని అడుగుతాడు." బూటుకంటిన బురద నేలకేసి రాశాడు. "జరాడ్ అన్న మాటకి... సారీ."

"అన్నవాడు చెప్పాలి సారీ."

"వాడు చెప్పడు. అందుకే నేను చెబుతున్నా" అని, నా పైలో సగం విరుచుకుని తినేశాడు. అడగనైనా అడగలేదు, దొంగవెధవ.

వారం తిరక్కుండా నేను పనిచేసే మందుల షాపులో తేలాడు. మోకాలికి చుట్టుకునే టేపు కావాలట.

"మీ క్లబ్బులో ఊరికే ఇస్తారుగా?"

"అది సరిగ్గా అంటుకోదు."

మళ్లీ వారం మళ్లీ టేపు. ఆ పై వారం మళ్లీ టేపు. వాడు వెళ్లాక మా షాపు యజమానురాలు మిసెస్ లిమ్ కళ్లజోడు దించి నా వంక చూసింది.

"రూబెన్, ఆ అబ్బాయి కొన్న టేపుతో ట్రాక్టరుకి పట్టీ కట్టొచ్చు. వాణ్ని కాఫీకి నువ్వు పిలుస్తావా, నన్ను పిలవమంటావా?"

నేనే పిలిచాను.

కాఫీ తర్వాత ఇంకో కాఫీ. ఒక సాయంత్రం గోధుమ గోదాముల పక్కన వాడి బండి ఆపుకుని కూర్చున్నాం. వాన దంచి కొడుతోంది. మా ఇద్దరి మధ్యా వాడి గొర్రెల కుక్క. తడిసి కంపు కొడుతోంది.

"నీకో మాట చెప్పాలి" అన్నాడు.

"చెప్పు."

"ఈ కుక్క వింటోంది."

"ఇది ఎవరికి చెబుతుందిలే!"

"నువ్వంటే నాకిష్టం. ఎలాంటి ఇష్టమో నీకు తెలుసు. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు." స్టీరింగుకంటిన ఎండు బురదని రెండు చేతులతో గీకుతున్నాడు. పొట్టేళ్లని మెడ పట్టి పడేసే చేతులు అవి.

"నాకూ ఇష్టమే. ముందీ కుక్కని వెనక్కి పంపు" అన్నాను.

అది కదల్లేదు. దాని తల మీదుగానే వంగాల్సి వచ్చింది.

చలికాలమంతా అలా బాగానే గడిచింది. వాడు నర్రాపిన్ వచ్చేవాడు, నేను బూల్కారా వెళ్లేవాణ్ని కాదు. ఎందుకని వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

తర్వాత వాడు బూల్కారాకి ఆడే రెండు వందలో మ్యాచ్ వచ్చింది. అదీ మా నర్రాపిన్ మీదే, బూల్కారాలో.

అలాంటి మ్యాచ్‌కి క్లబ్బు ఆడవాళ్లు రంగు కాగితాలతో ఇంటి గోడంత బ్యానరు కడతారు. దాన్ని చించుకుంటూ ఆ ఆటగాడు మైదానంలోకి పరుగెత్తాలి. ఒంటరిగా కాదు, పెళ్లాన్నో, ప్రేమించిన పిల్లనో, పిల్లల్నో పక్కన పెట్టుకుని. వాళ్ల పేర్లు మైకులో చదువుతారు. జనం హారన్లు కొడతారు. మా వైపు పెళ్లిళ్లకి కూడా ఇంత హడావిడి ఉండదు.

"నువ్వు నాతో పరుగెత్తాలి" అన్నాడు హీత్, మా వంటింట్లో కూర్చుని.

నా గుండె ఎగిరి గంతేసింది. "ఏమని?"

"మెల్‌బోర్న్ నుంచి వచ్చిన కజిన్ అని చెబుదాం."

చేతిలో ఉన్న గరిటె కింద పెట్టాను. "మీ ఊరు మొత్తం నన్ను దొంగ అంపైరని తిట్టింది. ఇప్పుడు రాత్రికి రాత్రి కజిన్ని ఎలా అయిపోతాను? అసలు మీ క్లబ్బు క్యాంటీను నడిపే నోలీన్ ఆంటీకి తెలియని కజిన్ ఈ జిల్లాలో ఉన్నాడా?"

"నవ్వులాట కాదు రూబెన్."

"నేనూ నవ్వట్లేదు."

అప్పుడు మొత్తం బయటపెట్టాడు. ఆ శనివారమే లీగు వాళ్లు అందరినీ ఇంద్రధనుస్సు రంగుల మేజోళ్లు వేసుకోమన్నారు, గే మనుషులు కూడా ఈ ఆటలో మనవాళ్లేనని చెప్పడానికి. గురువారం క్లబ్బులో దాని మీద వాదన జరిగింది. జరాడ్ లేచి, "మన జట్టులో అలాంటివాడు ఒక్కడూ లేడు. లేనివాళ్ల కోసం మేజోళ్లెందుకు?" అన్నాడట. అందరూ అవునవునన్నారట.

"నువ్వేమన్నావ్?"

"బూటు లేసు కట్టుకున్నా."

నాకు ఒళ్లు మండింది. వాడు అది గమనించి గొంతు పెంచాడు.

"ఏమనమంటావ్? మైకులో చెప్పేది ఎవరో తెలుసా? మా నాన్న! ముప్ఫై ఏళ్లుగా ఆ గ్రౌండులో మైకు ఆయనదే. నా పక్కన పరుగెత్తేది ఎవరో ఆయన నోటితో చదవాలి, ఊరంతా వింటుండగా. అమ్మ పోయాక మా ఇద్దరికీ మిగిలింది ఈ క్లబ్బొక్కటే. శనివారం మ్యాచ్ లేకపోతే నాన్నా నేనూ మాట్లాడుకోవడానికి ఏముంది? ఆయన ఆ మైకు పక్కన పెట్టి ఇంటికి వెళ్లిపోతే? అప్పుడు నాకు ఎవరున్నారు?"

నేనున్నానని అనబోయి ఊరుకున్నాను. తండ్రి చోటు నేను తీర్చేది కాదు.

"చెప్పమని నిన్ను తొందరపెట్టను. ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో నీ ఇష్టం. కానీ కజిన్‌గా మాత్రం రాను. జరాడ్ ఆ మాట అన్నప్పుడు నువ్వు తలొంచుకున్నావ్ చూడు, నేను అలా వంచలేను హీత్."

"అయితే ఒక్కణ్నే పరుగెత్తుతా."

"పరుగెత్తు."

తలుపు దభీమని వేసి వెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. మాడిన కూర గిన్నె తోముతూ ఇంకాస్త ఏడ్చాను.

శనివారం బూల్కారాలో ఈదురుగాలి. ఎవరితో ఏ గొడవున్నా అంపైరు డ్యూటీ డ్యూటీయే, తెల్లకోటు తొడుక్కుని స్తంభాల దగ్గర నిలబడ్డాను. మైదానం చుట్టూ వరసగా కార్లు. అవతల క్లబ్బు గది ముందు బ్యానరు గాలికి ఊగిపోతోంది. ఒక కర్ర పట్టుకున్న నోలీన్ ఆంటీ దాంతోపాటే ఊగుతోంది.

బూల్కారా జట్టు బయటికొచ్చింది. సగానికి పైగా రంగుల మేజోళ్లు వేసుకున్నారు, కొందరు వేసుకోలేదు. బ్యానరు ముందు వరస కట్టారు. హీత్ ముందుకొచ్చి ఆగాడు. ఆగి, బ్యానరు పక్కనుంచి తప్పుకుని, మైదానం అడ్డంగా నడవడం మొదలుపెట్టాడు.

నా వైపే.

"ఏమైందిరా వీడికి?" అంది ఏదో కారు. వాడు ఆగలేదు. తిన్నగా వచ్చి నా ముందు నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రా."

"నేను అంపైర్ని."

"ఆట సైరన్ మోగాక అంపైరువి. ఇంకా మోగలేదు. కోటు విప్పు."

"హీత్, నేను చెప్పానుగా, కజిన్‌గా..."

"కజిన్‌గా కాదు. లోపల అందరికీ చెప్పేశా. జట్టులో ఒక్కడూ లేడన్నారుగా, నేనున్నా అన్నా."

"వాళ్లేమన్నారు?"

"ఇద్దరు లేచి బయటికి పోయారు. ఒకడు చెయ్యిచ్చాడు. మిగతావాళ్లు నేలచూపులు."

"మీ నాన్న?"

"పొద్దున గొర్రెలకి మేత వేస్తున్నప్పుడు చెప్పా. ఒక్క ముక్క మాట్లాడలేదు. ఎండుగడ్డి వేసేసి బండెక్కి వెళ్లిపోయాడు. మైకులో ఏమంటాడో నాకు తెలీదు. నేనొక్కణ్నే అని చదువుతాడేమో. అయినా సరే, నువ్వు నా పక్కనుండాలి."

కోటు విప్పబోయాను. పై గుండీ దగ్గరే తంటాలు పడుతుంటే, అన్నీ వాడే విప్పాడు. ఆ పని ఊరంతా చూసింది.

ఇద్దరం పక్కపక్కనే నడిచి బ్యానరు ముందుకు వెళ్లాం. కాగితం ఒక మూల అప్పుడే చిరిగింది. "ఎంతసేపు పెళ్లినడకలు! గాలికి పోయేలా ఉంది ఇది!" అని నోలీన్ ఆంటీ అరిచింది. తర్వాత నన్ను చూసింది, వాణ్ని చూసింది, వెనక నోరు తెరుచుకుని నిలబడ్డ జరాడ్‌ని చూసింది. "నీకు వేరే చెప్పాలా? ఆ రెండో కర్ర గట్టిగా పట్టుకో!"

జరాడ్ వచ్చి పట్టుకున్నాడు. నా కళ్లలోకి చూడలేకపోయాడు. "అప్పుడు అన్న మాట..." అని గొణిగి, అక్కడితో ఆగిపోయాడు. పూర్తిగా చెప్పేదాకా నేనూ క్షమించదలుచుకోలేదు, కానీ కర్ర మాత్రం గట్టిగానే పట్టుకున్నాడు.

లౌడ్‌స్పీకరు గరగరమంది. హీత్ చెయ్యి నా చేతిలో బిగుసుకుంది.

"వినబడుతోందా? గేటు దగ్గర తెల్ల బండి వాళ్లెవరో లైట్లు ఆర్పలేదు. బ్యాటరీ అయిపోతుంది." వాళ్ల నాన్న డెస్ గొంతు. తర్వాత ఏమీ లేదు. గాలి చప్పుడొక్కటే. పైన గది అద్దం వెనక ఆ ముసలాయన టోపీ కనబడుతోంది, కదలకుండా.

"వెళ్లిపోతాడు" అన్నాడు హీత్.

"ఆగు."

మళ్లీ గరగర. "ఇవాళ మా హీత్‌కి రెండు వందలో మ్యాచ్. నా రెండు వందలో మ్యాచ్‌కి వీళ్లమ్మ కోరల్ నాతో పరుగెత్తింది. అప్పటికి ఏడో నెల. వద్దు మొర్రో అంటే వినలేదు. ప్రేమించినవాళ్లు పక్కన లేకపోతే ఆ పరుగెందుకు అంది." ఆయన దగ్గాడు. "మా వాడి పక్కనున్న అబ్బాయి పేరు రూబెన్. నర్రాపిన్ మందుల షాపు. అంపైరింగు ఘోరం. హీత్ ప్రేమించినవాడు. ఇక మా ఇంటి మనిషి. హారన్లు కొట్టండి."

ఎవరూ కొట్టలేదు.

అవతలి వైపు, మా నర్రాపిన్ కార్లలో ఒకటి చిన్నగా బీప్‌మంది. ఆ కారు మిసెస్ లిమ్‌ది. ఆమె ఆటకి రావడం అదే మొదటిసారి.

"కొట్టనివాళ్లకి ఇవాళ నా క్యాంటీన్లో పై లేదు, టీ లేదు!" అని నోలీన్ ఆంటీ గొంతు చించుకుంది.

అప్పుడు మోగాయి. అన్నీ అని చెప్పను. కొన్ని కార్లు అద్దాలు బిగించుకుని అలాగే ఉండిపోయాయి, ఒకటి ఇంటికే వెళ్లిపోయింది. మోగినవి మాత్రం చెవులు చిల్లులు పడేలా మోగాయి.

హీత్ కదల్లేదు. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

"పరుగెత్తవోయ్."

"కాళ్లు రావట్లేదు."

"కోటు లేక నాకు చలేస్తోంది. పద."

చెయ్యి పట్టి లాగాను. ఇద్దరం కాగితం మీద పడ్డాం. అది బర్రున చిరిగి, రంగు ముక్కలు మొహాలకి అంటుకుని, అవతల పచ్చికలో తేలాం. వెనక నుంచి జట్టు వచ్చింది. హారన్లు ఒక్కొక్కటే ఆగాయి.

డెస్ మైకు ఆపడం మర్చిపోయాడు. ఆయన ముక్కు చీదుకోవడం గ్రౌండంతా విన్నది. ఆ తర్వాత, తన గదిలో ఒక్కడే ఉన్నాననుకుని ఆయన మెల్లిగా అనుకున్న మాట కూడా గ్రౌండంతా విన్నది.

"చూశావా కోరల్, మనవాడు ఒంటరివాడు కాదు."