రంగు పోయిన సాకే

అమెరికాలోని సన్నీవేల్‌లో ఇండియన్ గ్రాసరీ షాపు మేడమీద ఉన్న డిటెక్టివ్ చాముండేశ్వరి ఆఫీసులోకి ఉజ్వల విసురుగా అడుగుపెట్టింది. రెండు సీసాలను బల్లమీద పెట్టి కుర్చీలో కూలబడింది.

"మేడమ్, నా సాకే మార్చేశారు. ఎవరో కూడా తెలుసు. మీరు ప్రూవ్ చేస్తే చాలు."

అసిస్టెంట్ వీరభద్రం కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక కారు తోలడానికి చేరిన మనిషి, చాముండేశ్వరి బుర్రకు దాసోహమైపోయాడు. ఆవిడ తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉందనుకుంటాడు.

ఉజ్వల చెప్పుకొచ్చింది. సాకే అంటే బియ్యంతో చేసే జపాన్ మద్యం. చాలామంది గింజను సగం దాకా అరగదీసి చేస్తారు. అది నీళ్లలా తేటగా, పళ్ల వాసనతో ఉంటుంది. ఉజ్వల పైపొర మాత్రం తీసి, దాదాపు మన దంపుడు బియ్యంలాంటి దానితో చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మొదలుపెట్టిన పని. రెండుసార్లు పాడైంది. మూడోసారి ఎండుగడ్డి రంగులో, చక్కగా కుదిరింది. తన బ్రూవరీ నుంచి గాజు జాడీలో ఇంటికి తెచ్చి, తనకీ విద్య నేర్పిన మోరిగారిని రుచి చూడటానికి పిలిచింది. తీరా కప్పులో పోస్తే రంగూ లేదు, వాసనా లేదు.

"ఆయన ఒక్క గుక్క తాగి కప్పు పక్కన పెట్టేశారు మేడమ్. 'ఇది నువ్వు చెప్పిన బియ్యం కాదే' అన్నారు."

"అనుమానం ఎవరి మీద?"

"హర్షవర్ధన్. మాస్టర్స్ అయ్యాక ఓపీటీ మీద నా దగ్గర చేస్తున్నాడు. క్లియర్‌గా ఉంటేనే సేల్ అవుతుంది, బియ్యం ఇంకా పాలిష్ చేద్దామని రోజూ ఆర్గ్యుమెంటే. నిన్న వాళ్ల అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో ఈ పచ్చ సీసా దొరికింది. నా సాకే దాచుకుని, జాడీలో వేరేది పోశాడు. ఈ తెల్ల సీసాలోది ఆ జాడీలోదే. సోమవారం టర్మినేట్ చేస్తున్నాను."

వీరభద్రం మనసు హర్షవర్ధన్ మీదికి పోయింది. దొంగ అన్న పేరుతో ఉద్యోగం పోతే ఆ కుర్రాడికి ఇంకొకరు ఇవ్వరు. ఓపీటీ అంటే చదువయ్యాక కొన్నాళ్లు పని చేసుకోనిచ్చే అనుమతి; పని లేకపోతే వీసా గడువు ముంచుకొచ్చి, పెట్టె సర్దుకోవాల్సిందే.

చాముండేశ్వరి రెండు సీసాల్లోంచీ కొంచెం కొంచెం పోసింది. "వీరభద్రంగారూ, రుచి చూడండి."

"నేనా? మా ఇంటావంటా లేదమ్మా!"

"కేసు కోసం."

కళ్లు మూసుకుని నాలుక తడుపుకున్నాడు. తెల్లదాంట్లో ఏమీ లేదు, చివర్లో చిన్న పులుపు తప్ప. పచ్చదాంట్లో మాత్రం వేయించిన తవుడు వాసన, అన్నం వార్చిన వేడి గంజి కమ్మదనం. వెనకాల మళ్లీ అదే పులుపు.

"అదే పులుపా?" అంది చాముండేశ్వరి. ఔనన్నాడు. ఆవిడ వెంటనే కారు తాళాలు అందించింది.

ఉజ్వల ఇంట్లో తలుపు తీసింది ఆమె పెద్దమ్మ దమయంతి. మర్యాదగా జగ్గులోంచి మంచినీళ్లు పోసిచ్చింది. ఆ నీళ్లు స్విమ్మింగ్ పూల్ వాసన కొడుతుంటే వీరభద్రం మొహమాటంకొద్దీ మింగాడు. చాముండేశ్వరి మాత్రం గ్లాసుకేసి ఒక్క క్షణం చూసి, ఖాళీ జాడీని వెలుతురులోకి ఎత్తింది. అడుగున కాటుక రాలినట్టు సన్నటి నల్లటి నలుసులున్నాయి. తర్వాత ఉజ్వల చెవి వెనక ఉన్న దిష్టిచుక్క మీద ఆవిడ చూపు ఆగింది.

హర్షవర్ధన్‌ని పిలిపించారు. కుర్రాడు నేరుగా ఉజ్వల వైపు తిరిగాడు.

"ఆర్గ్యూ చేసింది నిజమే అక్కా. కానీ మార్చలేదు. ప్రతి బ్యాచ్‌లోంచీ ఒక సీసా శాంపిల్ దాచాలని నేర్పింది మీరే. బ్రూవరీ ఫ్రిజ్ రిపేర్‌లో ఉంది కదా, అందుకే మా ఇంట్లో పెట్టాను."

"జాడీ ఇంటికొచ్చాక దగ్గరకెవరు వెళ్లారు?" అని అడిగింది చాముండేశ్వరి.

"ఎవరూ లేరు మేడమ్. పెద్దమ్మ అయితే మందున్న గదిలోకే రాదు. నేనీ పని మొదలుపెట్టినప్పట్నుంచీ దాని ఊసే ఎత్తలేదు." ఆ చివరి మాట ఉజ్వల మొహం పక్కకి తిప్పుకుని అంది.

మర్నాడు ఉజ్వల ఇంట్లో అందరూ భోజనాల బల్ల చుట్టూ చేరారు. మోరిగారు కూడా వచ్చారు. చాముండేశ్వరి పచ్చ సీసా పక్కన ఒక గాజు గ్లాసు పెట్టింది. అందులో తేటనీళ్లలాంటి సాకే.

"ఇది ఈ సీసాలోదే. పొద్దున్న సగం తీసి, ఇదిగో, దీన్ని నానబెట్టాను." గుడ్డమూట విప్పింది. నల్లటి రవ్వ. "బొగ్గు. రంగునీ వాసననీ పీల్చేస్తుంది, పులుపు జోలికి పెద్దగా పోదు. రెండు సీసాల్లో పులుపు ఒకటేనని మా వీరభద్రంగారి నాలుక ఎప్పుడో చెప్పింది. అంటే సాకేని ఎవరూ మార్చలేదు. ఉన్నదాంట్లోంచే ఏదో పోయింది. జాడీ అడుగున నల్లటి నలుసులు. మరి అమెరికాలో ఇంట్లో బొగ్గెక్కడిది? మంచినీళ్ల జగ్గు ఫిల్టర్‌లో. అది తీసేయబట్టే నిన్న ఆ నీళ్లు క్లోరిన్ వాసన కొట్టాయి."

ఆవిడ గొంతు తగ్గించింది. "తినే వస్తువు గడప దాటినా, నలుగురి కళ్లూ పడినా, దిష్టి తగలకుండా బొగ్గుముక్క వేసే అలవాటు మనవాళ్లకుంది. అవునా దమయంతిగారూ?"

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండుసార్లు పాడైపోతే గది తలుపేసుకుని ఏడ్చింది నా తల్లి. ఎవరి కళ్లో పడ్డాయనుకున్నాను. ఫిల్టర్‌లో ఉండేది బొగ్గేనని ఇదే ఓసారి చెప్పింది. అది తీసి మూటకట్టి జాడీలో వేశాను. మోరిగారు వచ్చేముందు తీసేసి, మందు ముట్టుకున్నానని తలస్నానం కూడా చేశాను. బొగ్గు వేస్తే రుచి పోతుందని నాకేం తెలుసమ్మా! ఎవరో మార్చేశారంటుంటే, నా మూటకీ దానికీ సంబంధం ఉందనే తట్టలేదు."

ఉజ్వల లేచి వెళ్లి ఆవిడ ఒళ్లో తలపెట్టింది. "నా పనంటే నీకు అసహ్యం అనుకున్నాను పెద్దమ్మా."

"అసహ్యమే. పనంటే. నువ్వంటే కాదుగా."

వీరభద్రం కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇలాంటివి చూడ్డానికైనా ఈ కొలువు దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

ఉజ్వల హర్షవర్ధన్ రెండు చేతులూ పట్టుకుంది. "సారీరా. నువ్వు దాచబట్టే ఈ సగమైనా మిగిలింది. చాలా థాంక్స్." కుర్రాడు తల ఊపి, సీసాలో మిగిలింది తనే మోరిగారి కప్పులో పోశాడు.

మోరిగారు చాలాసేపు నోట్లో ఉంచుకుని మింగారు. "ఇదీ బియ్యం అంటే," అని లేచి ముందు ఉజ్వలకి, తర్వాత కుర్రాడికి, చివరికి దమయంతికి నడుం వంచి నమస్కరించారు. ఆవిడ కంగారుపడి కొంగు సర్దుకుంది.

తర్వాతి బ్యాచ్ జాడీ ఇంటికొచ్చిన రోజున ఉజ్వల దాన్ని వంటింట్లోకే తెచ్చింది. దమయంతి గుమ్మంలోనే నిలబడిపోయింది, ఈసారి దేన్నీ ముట్టుకోనన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని.

ఉజ్వల ఓ బొగ్గుమూట ఆవిడ చేతికిచ్చింది. "లోపల వద్దు పెద్దమ్మా. జాడీ మెడకి కట్టు."