నల్లదిబ్బ మీద కన్ను

చీపురుపల్లి దాటాక, మాంగనీసు తవ్వి పోసిన నల్లదిబ్బ ఒకటుంది. పొద్దు గూకితే అటు కుక్క కూడా పోదు. కాలం తీరకుండా పోయినోళ్ళు అక్కడే తిరుగుతారని పాత మాట. ఈమధ్య కొత్త మాట ఒకటి పుట్టింది... దిబ్బ మీద ఒక కన్ను తెరుచుకుంటుందట, మూసుకుంటుందట. గిర్రుమని చప్పుడు కూడానట. చూసినోడు ఒక్కడు, చెప్పేది ఊరంతా. మనోళ్ళ సంగతి తెలిసిందే కదా.

ఆ దారినే పోవలసొచ్చింది బెన్హర్‌కి.

బెన్హర్‌ది బజార్లో సెల్లులు, కెమెరాలు బాగుచేసే బడ్డీ. మంచి పనివాడు. కాకపోతే అడగని పని కూడా చేసిపెట్టే గుణం ఒకటుంది. అదే కొంప ముంచింది.

గౌరి అనే పిల్ల ఒకర్తి, చిన్న డిజిటల్ కెమెరా తెచ్చి, బ్యాటరీ మూత విరిగిందని ఇచ్చి వెళ్ళింది. అది ఆమె మొగుడు వినోద్ ముచ్చటపడి కొనుక్కున్నది. అతను ఆ దిబ్బ దగ్గరే లారీలకి లోడు ఎత్తేవాడు. కిందటేడు జ్వరమొచ్చి పోయాడు.

బెన్హర్ మూత మార్చి, ఎలా ఉందోనని ఆకాశంకేసి ఫొటో తీశాడు. ఒక పక్కగా బూడిదరంగు మచ్చ. ఇంకోటి తీశాడు. మచ్చ అక్కడే. లెన్సు బయటికొచ్చి లోపలికి పోయినప్పుడల్లా నల్లధూళి గాలితోపాటు దూరి, లోపల బొమ్మ పట్టే సెన్సారు మీద కూచుందన్నమాట. పాపం అనుకున్నాడు. మరలు విప్పి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, మెత్తటి కుంచెతో తుడిచాడు. ఈసారి ఆకాశం కడిగిన కంచంలా వచ్చింది.

గౌరి వచ్చాక, లోపల దూరిన నల్లధూళి మచ్చ కూడా ఊరికే తీసిపెట్టానని గొప్పగా చెప్పాడు. ఆమె తనది ఒక ఫొటో తియ్యమంది. తీశాడు. చాలాసేపు చూసుకుంది. మూత డబ్బులు బల్లమీద పడేసి, విసురుగా వెళ్ళిపోయింది. మంచికి పోతే చెడు ఎదురైందని బెన్హర్ ఆ రోజంతా చిర్రుబుర్రులాడాడు.

కొన్నాళ్ళకి గౌరి పక్కింటి దేముడమ్మ బడ్డీకొచ్చి తిట్టిపోసింది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల పొద్దుటే కెమెరా గోడమీద పెట్టి, ఎదురుగా నిలబడి, తన ఫొటో తానే తీసుకునేదట. ప్రతిదాన్లోనూ పక్కన నీడలాంటి మచ్చ. వినోదే వచ్చి నిలబడుతున్నాడని, ఆ మచ్చకి కూరా నారా కబుర్లన్నీ చెప్పుకునేదట.

"దానికున్న తోడు అదొక్కటే. నువ్వు తుడిసీసినావు," అంది దేముడమ్మ.

బెన్హర్‌కి ఆ పూట అన్నం సహించలేదు. వెళ్ళి గౌరికి కనపడాలనుకున్నాడు. బడ్డీ కట్టేసరికి చీకటి పడింది. గౌరి ఉండే పేటకి అడ్డదారి నల్లదిబ్బ పక్కనుంచే.

దిబ్బ దగ్గరికొచ్చేసరికి గాలి ఆగిపోయింది. కీచురాళ్ళు కూడా లేవు. వెనక ఎవరో నడుస్తున్నట్టు చప్పుడు... ఆగాడు. అదీ ఆగింది. నా చెప్పులే కదా అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అప్పుడు వినపడింది — గిర్ర్...

తల ఎత్తాడు. దిబ్బ కొసన తెల్లటి వెలుగు. ఆ వెలుగులో గుండ్రటి కన్ను... ముందుకి పొడుచుకొచ్చింది. గిర్ర్... లోపలికి పోయింది. మళ్ళీ తెరుచుకుంది.

యేసయ్యా, యేసయ్యా అనుకుంటూ వెనక్కి తిరిగాడు. మళ్ళీ గిర్ర్... ఈసారి చెవి ఆ చప్పుడుని గుర్తుపట్టింది. రోజూ బడ్డీలో వినేదే. లెన్సు చప్పుడు.

భయం ఎటు పోయిందో గానీ, ప్రాణం ఉసూరుమంది. ధూళిలో జారుతూ పాకుతూ పైకెక్కాడు.

గౌరి ఒక్కర్తే కూచునుంది. ఒళ్ళో సెల్లు టార్చి వెలుగుతోంది. ఒక చేత్తో నల్లధూళి గుప్పెడేసి ఎగరేస్తోంది. రెండో చేత్తో కెమెరా తెరుస్తోంది, మూస్తోంది. అతన్ని చూసి ఉలిక్కిపడనైనా లేదు.

బెన్హర్ పక్కన కూలబడ్డాడు. "తప్పయిపోయింది సెల్లెమ్మా," అన్నాడు మెల్లగా.

ఆమె ధూళి చెయ్యి చీరకి తుడుచుకుంది. నిన్న పొద్దున్న తీసుకున్న ఫొటో తెరమీదికి తెచ్చి చూపించింది. మధ్యలో గౌరి. ఫొటోలో మచ్చ ఉంది! బెన్హర్‌కి గుండెల మీది బరువు దిగినట్టయింది. అది ధూళేనని చెప్పబోయి, మనసొప్పక మానుకున్నాడు. అబద్ధమైతే అయింది, వినోద్ వచ్చేశాడు కదమ్మా అన్నాడు.

గౌరి తల అడ్డంగా ఊపింది. గొంతు బాగా తగ్గించింది... ఎవరో వింటున్నట్టు.

"ఆయన నా పక్కన నిల్సునీవోడు అన్నా. ఈడు నా ఎనకాల నిల్సున్నాడు. ఈడెవడో నాకు తెలీదు... ఇంటికెల్లాలంటే భయమేస్తన్నాది."