ఆ రోజు కొట్టని గుమ్మడికాయ

"మా నాన్నని ఎక్కడ పెట్టారు?"

నిచ్చెన మీద ఉన్న యాళిని వెనక్కి తిరిగింది. గుమ్మంలో ఎవరో అబ్బాయి. అతని చూపు గోడ మీద ఖాళీగా ఉన్న మేకు మీద ఉంది.

"మీరెవరు?"

"ఈ ఇంటివాణ్ణి, కదిరేశన్. మీ సినిమాకి ముందు గదీ, వసారా ఇచ్చాం. మా నాన్నని ఇవ్వలేదు."

"బీరువా పైన ఉన్నారు. కొత్త తువ్వాలు చుట్టాను. పడుకోబెట్టలేదు, నిలబెట్టే ఉంచాను."

అతను లోపలికి వెళ్లి చూసి వచ్చాడు. హవల్దార్ దైవశిగామణి ఫోటో, అటూ ఇటూ దిండ్ల ఆసరాతో, భద్రంగా ఉంది.

"సరే. మిలిటరీ మనిషి, నిలబడడం ఆయనకి అలవాటే" అన్నాడు. కోపం దిగిపోయాక అతని ముఖం బాగుందని యాళినికి అనిపించింది. మేకు మీద ఇంకో దెబ్బ వేసింది, అవసరం లేకపోయినా.

వేలూరు దగ్గర ఆ ఊళ్లో ఇంటికొకరు సైన్యంలో ఉంటారు. అందుకే తమిళ సినిమావాళ్లు అక్కడికి వచ్చారు. కథలో మేజరైన అన్నని దేశద్రోహి అని ముద్ర వేసి చంపేస్తారు. కెప్టెన్ తమ్ముడు పగ తీర్చుకుని ఇంటి పరువు నిలబెడతాడు. కదిర్ ఇంటిని ఆ కెప్టెన్ ఇల్లుగా మార్చడం ఆర్ట్ అసిస్టెంట్ యాళిని పని.

"మీ హీరో ఎంతమందిని కొడతాడు?" అనేవాడు కదిర్, ఎరువుల షాపు మూసి వచ్చి.

"ఊరందరినీ."

"అలాంటివాడు ఒక్కడుంటే మా ఊరివాళ్లంతా ఇంటి దగ్గరే ఉండేవాళ్లు కదండీ."

"మీరు ఇంటి దగ్గరే ఉన్నారుగా."

అతను తన చెప్పుల వైపు చూసుకున్నాడు. "ఆర్మీ సెలక్షన్‌కి వెళ్దామని బూట్లు కొన్నాను. అమ్మ వాటిని బావిలో పడేసింది. ఇప్పుడు యూరియా అమ్ముతున్నా" అన్నాడు.

తల్లి అంజలై, కూతురి పురుడుకని ఆరణి వెళ్లింది. ఆమె గురించి చెప్పేటప్పుడు అతని గొంతు మెత్తబడేది.

ఒక సాయంత్రం జల్లు పడి కొత్తగా వేసిన గోడ రంగు కారిపోతుంటే ఇద్దరూ ప్లాస్టిక్ పట్టా చెరోవైపు పట్టుకుని నిలబడ్డారు. యాళిని బుగ్గ మీద నీలం చార.

"గోడకి వేశారా, మీకు వేసుకున్నారా?"

"పట్టా సరిగ్గా పట్టుకోండి."

"అమ్మ రాగానే మిమ్మల్ని చూపించాలి."

"ఏమని?"

"మేకు కొట్టడం వచ్చిన అమ్మాయని. మిగతాది అమ్మ అడుగుతుంది."

వాన ఆగినా యాళిని పట్టా వదల్లేదు.

చనిపోయిన మేజరు ఫోటో కోసం రావలసిన నటుడు రాలేదు. దర్శకుడి కన్ను కదిర్ మీద పడింది. యూనిఫారం తొడుక్కుని అద్దం ముందు నిలబడిన కదిర్ ఎంతసేపటికీ కదల్లేదు. "నవ్వండి" అని యాళిని అంటే ఇట్టే నవ్వేశాడు. "మేజరు నవ్వకూడదయ్యా" అని దర్శకుడు విసుక్కుని రెండోది తీయించాడు.

మర్నాడు వసారాలో ఆ ఫోటోకి గంధం బొట్టు పెట్టి, మల్లెదండ వేసి, దీపం వెలిగించింది యాళిని. షాట్ అయింది.

"దండ తీసెయ్యమ్మా" అన్నాడు లైట్‌మ్యాన్ మునుసామి. "బతికున్నవాడి ఫోటో. ఆ అబ్బాయిని కెమెరా ముందు కూర్చోబెట్టి నవ్వించాలి. దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టాలి. ఎప్పుడూ చేసేదేగా."

"ఇంకో షాట్ ఉందన్నా. మళ్లీ దండ ఇలాగే కుదరదు. అన్నీ అయ్యాక ఒకేసారి కొడదాం."

తన పని తీరుగా ఉండాలి. అంతే అనుకుంది.

తర్వాతి షాట్‌లో ఏడవడానికి పిలిచిన ఆడవాళ్లలో ఒకరు తక్కువయ్యారని ఎవరో కేక వేశారు. అప్పుడే వాకిట్లో ఒకావిడ చెప్పులు విడిచి, చేతిసంచితో మెట్టు మీద కూలబడింది. ఫోటోనే చూస్తోంది.

"ఇంత ఆలస్యమా అమ్మా?" అంటూ యాళిని ఆమె ఒళ్లో తెల్లచీర పెట్టింది. "త్వరగా మార్చుకోండి."

ఆవిడ చీర వైపు చూసింది. "ఎప్పుడు పోయాడు?"

కథ అడుగుతోందనుకుంది యాళిని. "పోయిన వారం, సరిహద్దులో. మీరు ఏడిస్తే చాలు."

ఆవిడ ఏడవలేదు. తెల్లచీర మడత విప్పసాగింది, నిదానంగా.

"అమ్మా, ఎప్పుడొచ్చావు?" టీ గ్లాసులతో కదిర్ వచ్చాడు.

అంజలై లేచింది. కొడుకు చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ చెంపనే చాలాసేపు నిమిరింది. తర్వాత చీర మళ్లీ మడిచి, "ఇది నీదమ్మా" అని యాళిని చేతికిచ్చింది.

వాన మొదలైంది. గుమ్మడికాయ సంగతి ఎవరికీ గుర్తులేదు. తెల్లవారి యూనిట్‌తో పాటు యాళిని కూడా వెళ్లిపోయింది.

కదిర్ ఫోన్ చేసేవాడు. తన చేతులు చూసినప్పుడల్లా ఆ తల్లికి తెల్లచీరే కనబడుతుందని యాళినికి భయం. ఎత్తేది కాదు. కొన్నాళ్లకి ఫోన్లు ఆగిపోయాయి.

సినిమా బాగా ఆడింది. థియేటర్లో దండ వేసిన ఆ ఫోటో తెరనిండా కనబడగానే యాళిని లేచి బయటికి వచ్చేసింది. అయినా ఆ ఊరు వెళ్లడానికి ధైర్యం కూడగట్టుకునేసరికి మళ్లీ వానలు వచ్చాయి. ఆ ఫోటో ఫ్రేమునీ, ఒక బూడిద గుమ్మడికాయనీ పట్టుకుని బస్సు దిగింది.

అంజలై కాఫీ ఇచ్చింది.

"క్షమించమని అడగడానికి వచ్చానమ్మా."

"దేనికి? మీ సినిమాలో అందరికీ పగలేనట. సరిహద్దులో మా ఆయన్ని చంపింది మంచు. మంచు మీద ఏం పగ తీర్చుకుంటాను? ఇంక నీ మీదెందుకుంటుంది?" ఆమె గ్లాసు కింద పెట్టింది. "వాడు నీ గురించి చెప్పాడు. తనే వస్తుందిలే అనుకుని చూశాను. పొంగల్ దాటింది, చిత్తిరై నెలా దాటింది. పోయిన నెల తాంబూలాలు పుచ్చుకున్నాం. తిరువణ్ణామలై పిల్ల."

యాళిని చేతిలో గ్లాసు ఇంకా వేడిగానే ఉంది.

షాపు నుంచి కదిర్ వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు?"

"ఎత్తితే రమ్మంటారని."

"రమ్మనడానికే చేశాను."

అంజలై గుమ్మడికాయ అందుకుంది. "కూర్చోరా. సగంలో ఆగిన పని" అంది. కొడుకుకి దిష్టి తిప్పి, వాకిట్లో కొట్టింది. ముక్కలు తడిమట్టిలో చెదిరాయి. "ఇప్పుడు నవ్వాలిగా? ఫోటో తియ్యమ్మా. వాళ్ల నాన్న పక్కన పెట్టుకుంటాను, దండ లేకుండా."

యాళిని ఫోన్ ఎత్తి పట్టుకుంది.

"నవ్వండి."

అప్పుడు ఇట్టే నవ్వినవాడికి ఈసారి చాలాసేపు పట్టింది. ఆమె చెయ్యి దించలేదు. చివరికి అతను నవ్వాడు, కెమెరా వైపు కాదు, ఆమె వైపు. యాళిని ఫోటో తీసి, దాన్ని అంజలైకి పంపింది. తన ఫోన్‌లోంచి తీసేసింది.

"మేకు నేను కొట్టనా అమ్మా?" అని అడిగింది.