బోణీ చేసిన పేరు

"చచ్చిపోయిన మనిషి నిన్న కారు బుక్ చేశాడు," అన్నాడు చీఫ్ నరసింహమూర్తి.

అత్తాపూర్‌లో అదొక మూడో అంతస్తు ఫ్లాట్. బయట 'వెబ్ కన్సల్టెన్సీ' అని బోర్డు, లోపల గూఢచారి విభాగం బ్రాంచి. ఆయనకెదురుగా ఏజెంట్ మృదుల, పక్కన కంప్యూటర్ ఎక్స్‌పర్ట్ ప్రేమలత కూర్చున్నారు. ప్రేమలత కన్నా ఆమె సెంటు ముందొస్తుంది, సెంటు కన్నా ఆమె ఎర్రకారు ముందొస్తుంది. ఆఫీసులో అందరి కళ్లూ ఆ కారు మీదే.

వరప్రసాద్ మూడు నెలల కిందట కొత్వాల్‌గూడ దగ్గర విదేశీ ఆయుధాల ముఠా చేతిలో పోయాడు. కాలిపోయిన శవాన్ని మృదులకు చూపించలేదు. పెళ్లి మాట ఇద్దరి నాలుకల చివరా ఉండేది, ఒక్కరూ బయట పెట్టలేదు. కళ్లారా చూడని చావును మనసు ఒప్పుకోదు. ఇప్పటికీ కారెక్కితే ఆమె కిటికీ పక్క సీటు వదిలేసి కూర్చుంటుంది. అది అతని సీటు.

ముఠా మెసేజ్ ఒకటి దొరికిందన్నాడు చీఫ్. వరప్రసాద్ బతికే ఉన్నాడని వాళ్ల నమ్మకం. శంషాబాద్‌లోని జగదీశ్ ట్రావెల్స్‌లో ఈసారి అతని పేరు మీద ఏ కారు కదిలినా కాల్చేస్తారు.

"వాళ్లకన్నా ముందు నువ్వు చేరాలి. దొరికితే 'వెన్నెల' అను. లేకపోతే 'అమావాస్య'."

మృదుల గుండె 'వెన్నెల' దగ్గరే ఆగిపోయింది.

మారువేషానికి విగ్గులూ మీసాలూ అక్కర్లేకపోయింది. ఒక ఫైలు, మెడలో ఐడీ కార్డు చాలు. 2012లో చిన్న వ్యాపారులను బెదిరించడానికి అంతకన్నా ఏం కావాలి! కిందటేడు వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం సైటుకు ప్రైవసీ పాలసీ ఉండాలనీ, కస్టమర్ వివరాలు ఎందుకు దాస్తున్నారో చెప్పాలనీ ఆమె మొదలుపెట్టగానే జగదీశ్ చాయ్ తెప్పించాడు.

"గవన్నీ పెద్ద కంపెనీలకు గదా అక్కా. నాకున్నయే నాలుగు బండ్లు."

ఆమె నవ్వి, అతని కౌంటర్ కంప్యూటర్‌లో సైటు తెరిచింది.

'మళ్లీ స్వాగతం, వరప్రసాద్ గారూ.'

మృదుల వెనక్కి తిరిగి చూసింది, నిజంగానే అతను గుమ్మంలో నిలబడి ఉంటాడని. ఎండ తప్ప ఎవరూ లేరు.

"ఈయన ఎక్కడున్నాడు?" స్క్రీను మీది పేరు చూపిస్తూ అడిగింది.

"ఏమో అక్కా. మూడు నెలల కింద గీ కంప్యూటర్ల బుక్ చేసుకున్నడు. సైటుకు ఆయనదే బోణీ. చెయ్యి మంచిది, గప్పటిసంది గిరాకీ ఆగలే. అందుకే పేరు తియ్యలే. మావోళ్లు ఆన్‌లైన్ల ఏడ చేస్తరు? నా దగ్గరికే వస్తరు, నేనే గా పేరు మీద కొడ్త."

అదీ సంగతి. కుకీ అంటే ఎవరొచ్చారో గుర్తుండడానికి సైటు మన కంప్యూటర్‌లో వదిలిపెట్టే చిన్న చీటీ. ఆ చీటీ మీద ఊరంతా తిరిగింది. పెళ్లిళ్లకూ పేరంటాలకూ చచ్చిపోయినవాడే వెళ్లొచ్చాడు. మృదులకు ఏడుపొచ్చింది. ఏడవడానికి మాత్రం టైము లేదు.

"ఇవాళ ఆ పేరు మీద ఏదైనా కారు వెళ్లిందా?"

"ఇప్పుడే పోయింది. రుక్మిణమ్మ బిడ్డ సునీతకు నొప్పులొచ్చినయి. అత్తాపూర్ దవాఖానకు."

డ్రైవర్ ఫోన్ మోగుతోంది గానీ ఎత్తడం లేదు. బండి నడిపేటప్పుడు ఎత్తొద్దని తనే గట్టిగా చెప్పానని జగదీశ్ తల పట్టుకున్నాడు. మృదుల పేజీ కోడ్ తెరిచింది. అడుగున, ఎంతమంది వచ్చారో లెక్కపెట్టే ఉచిత విజిటర్ కౌంటర్. అది ప్రతి బుకింగ్‌లో పేరు, కారు నంబరు, దారి బయటి సర్వర్‌కు పంపిస్తోంది. చీఫ్ చెప్పిన మెసేజ్ వచ్చింది కూడా అక్కడినుంచే, ముఠా సర్వరే అది.

"ఈ సైటు ఎవరు చేసిచ్చారు?"

"ప్రేమలత మేడం. ఎర్రకారుల వచ్చింది. పైసా తీసుకోలే."

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను విజిటర్ కౌంటర్ పట్టిచ్చింది. కాల్చేవాళ్లకు వరప్రసాద్‌ను చూపించడానికి ఆమె ఈపాటికి ఆ కారు వెనకే దారిలో ఉంటుంది.

మృదుల చీఫ్‌కు రెండు ముక్కల్లో చెప్పి, పోలీసులను హైవే మీదికి పంపమంది. కానీ సునీత కారు ఈపాటికి దారిలోని సాతంరాయి చేరుతూ ఉంటుంది, పోలీసులు అందుకోలేరు. ముఠాకున్న కన్ను ఒక్కటే, ఈ కౌంటర్. ఆమె 'వాహనం మార్చు' నొక్కి, కొత్త నంబరు కొట్టింది. రోజూ ఆఫీసు కింద చూసే ఎర్రకారు నంబరు అది.

సాతంరాయి దగ్గర తుపాకీ ఎత్తినవాడి ఫోన్ మోగింది. కారు మారిందని మెసేజ్. సునీత కారు అతని ముందునుంచే హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయింది. ఆ వెనకే వచ్చిన ఎర్రకారు టైర్లు పేలాయి. ప్రేమలత చేతులెత్తి దిగి, నేను మీ మనిషినేనని ముఠాకు నచ్చజెబుతూ ఉండగానే పోలీసులొచ్చారు. ఆ మాట వాళ్లూ విన్నారు.

కాసేపటికి రుక్మిణమ్మ జగదీశ్‌కు ఫోన్ చేసి, తల్లీబిడ్డా క్షేమమంది. మృదుల చీఫ్‌కు ఒకే మాట చెప్పింది.

"అమావాస్య."

కుకీ తీసేయమని ఆర్డర్. వేలు చాలాసేపు మౌస్ మీదే ఉండిపోయింది. అప్పుడు చూపించని చావును ఇప్పుడు తన చేత్తోనే ఖాయం చెయ్యాలి. నొక్కింది. స్వాగతం మాయమైంది.

వారం తిరక్కుండా జగదీశ్ సైటులో కౌంటర్ పోయి, మృదుల రాసిచ్చిన వాక్యం వచ్చింది: 'మీ పేరు గుర్తుపెట్టుకోమంటారా?'

"ఇగ బోణీ నువ్వే చెయ్యాలె అక్కా," అన్నాడు జగదీశ్.

ఆమె 'వద్దు' నొక్కి, అతను పోయిన కొత్వాల్‌గూడకు కారు బుక్ చేసింది. ఎక్కి, కిటికీ పక్క చోటు వదిలి కూర్చుంది. డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఇంకెవరన్నా రావాల్నా అని అడిగాడు.

"రావలసినాయన పేరు నేనే కొట్టేశాను. పోనివ్వు."