పదకొండో గడి

నేరాల మీద పరిశోధన చేస్తున్నానంటే జనం నా వంక అదోలా చూస్తారు. తుపాకులు, ఛేజింగులు ఊహించుకుంటారు. నిజానికి నా పని, కుర్చీలో కూచుని కోర్టు ఫైలు తెరిచి, ఇరవై గడులున్న కాగితంలో ఒకటో సున్నానో వేయడం. ఇందులో ఇప్పటిదాకా నాకు తగిలిన పెద్ద గాయం స్టాప్లర్ పిన్ను గుచ్చుకోవడం.

మా ప్రాజెక్టు పేరు పూర్తిగా చదవాలంటే మధ్యలో ఒకసారి మంచినీళ్ళు తాగాలి. విషయం మాత్రం చిన్నది. మొదటిసారి దొంగతనం చేసి దొరికినవాళ్ళలో కొందరిని మందలించి వదిలేస్తారు, కొందరిని జైలుకి పంపుతారు. ఎందుకా తేడా? మేం తేలిస్తే ప్రభుత్వం కొత్త విధానం రాస్తుందట. తేల్చింది ఎవరైనా చదువుతారా అని మాత్రం అడగకూడదు. నా డాక్టరేటు కూడా దీనిమీదే ఆధారపడి ఉంది కాబట్టి నేనూ అడగలేదు.

ప్రతి ఫైలునూ ఇద్దరు, వేరు వేరు గదుల్లో కూచుని చదవాలి. ఫైళ్ళ గురించి ఒకరితో ఒకరు పెదవి విప్పకూడదు. ప్రతి గడిలోనూ ఇద్దరి జవాబులు నూటికి ఎనభై కలిస్తేనే ఆ లెక్కకి విలువ. ఆ రెండో మనిషిగా, ప్రాజెక్టు నడిపే మా మేడమ్ ఓ అమ్మాయిని తీసుకొచ్చారు.

మొదటి నెల అన్ని గడులూ బుద్ధిగా కలిశాయి, పదకొండోది తప్ప. "నిందితుడిలో పశ్చాత్తాపం కనిపించిందా?" కనిపిస్తే ఒకటి, లేకపోతే సున్నా. వంద ఫైళ్ళలో నేను ఎనభై మూడింటికి సున్నా వేశాను. ఆమె డెబ్భై తొమ్మిదింటికి ఒకటి వేసింది. ఇద్దరివీ కలిసినవి ముప్పై నాలుగు.

మేడమ్ ముప్పై ఏళ్ళు జైళ్ళ చుట్టూ తిరిగిన మనిషి. ఆవిడ చూపుకి ఖైదీలే కాదు, జైలర్లు కూడా నిజం కక్కేసేవారని చెప్పుకుంటారు. ఇంకో నెల చూస్తాననీ, అప్పటికీ కలవకపోతే ఇద్దరిలో ఒకరిని మార్చేస్తాననీ చల్లగా చెప్పి వెళ్ళిపోయారు.

కాఫీ మెషిన్ దగ్గర ఆమె నాకోసమే కాచుకుని ఉంది.

"ఎనభై మూడు మంది బండరాళ్ళా మీకు, జడ్జిగారూ?"

"డెబ్భై తొమ్మిది మంది సాధువులా మీకు, దయామయిగారూ?"

మాట్లాడకూడదని నియమం ఉంది గానీ, పోట్లాడకూడదని ఎక్కడా రాయలేదు. కాబట్టి రోజూ పోట్లాడుకున్నాం. వారం తిరిగేసరికి, ఆమె సెలవు పెట్టిన రోజున నాకు కాఫీ రుచించడం మానేసింది. దీన్ని పరిశోధన భాషలో ఏమంటారో నాకు తెలుసు గానీ, ఒప్పుకోవడానికి నామోషీ అనిపించింది.

తర్వాత వానలు మొదలయ్యాయి. మొదటి రోజే నా గొడుగు మాయమైంది. ఎక్కడ? నేర పరిశోధన కేంద్రంలో, నేరాల నిపుణులు నలభై మంది పనిచేసే చోట. గుమ్మంలో నిలబడి దిక్కులు చూస్తుంటే ఆమె తన గొడుగు విప్పింది.

"ఎత్తుకుపోయినవాడికి పశ్చాత్తాపం ఉంటుందంటారా?"

"చచ్చినా ఉండదు," అన్నాను.

ఆ నెలంతా ఒకే గొడుగు కింద బస్‌స్టాప్ దాకా నడిచాం. ఆమె ఎడమ భుజం, నా కుడి భుజం తడిసిపోయేవి. ఫైళ్ళ గురించి మాట్లాడకూడదు కాబట్టి ఇళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మా అమ్మ కుట్టుమిషను ఎత్తుకుపోయినవాడు కోర్టులో వెక్కి వెక్కి ఏడ్చాడనీ, పాపం అని వదిలేస్తే నెల తిరక్కుండా పక్క వీధిలో ఇంకో కుట్టుమిషను ఎత్తాడనీ చెప్పాను. ఆమె నవ్వలేదు. వాళ్ళన్నయ్య పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక ఫోను తీసి దొరికిపోయాడట. సిగ్గుతో తల దించుకుని కోర్టులో నోరు విప్పలేదట. పశ్చాత్తాపం లేదని రాసి ఆరు నెలలు జైలు వేశారట.

"ఇంటికొచ్చాక ఏడాదిపాటు నాన్న మొహం చూడలేకపోయాడు. అది ఏ ఫైల్లోనూ లేదు," అంది.

ఆ రోజు బస్సు రెండుసార్లు వచ్చి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

రెండో నెల లెక్క వచ్చింది. కలిసినవి ముప్పై. మేడమ్ మా కాగితాలు పక్కపక్కన పరిచి కళ్ళజోడు తీసేశారు.

"పోయిన నెల నువ్వు బండరాయివి, ఈ అమ్మాయి వెన్నముద్ద. ఈ నెల నువ్వు డెబ్భై ఆరు మందిని క్షమించేశావు. ఈ అమ్మాయి అంతకన్నా ఎక్కువమందికి సున్నా చుట్టింది. ఏం జరుగుతోంది ఇక్కడ?"

జరిగింది చెప్పుకుంటే సిగ్గుచేటు. తల దించుకున్న ప్రతి నిందితుడిలోనూ నాకు వాళ్ళన్నయ్యే కనిపించాడు. ఏడ్చిన ప్రతివాడి వెనకా ఆమెకి మా అమ్మ కుట్టుమిషను కనిపించిందట. ఇంత చదువుకుని ఇద్దరం ఎదుటివాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాం.

మేడమ్ పాత ఫైలు తీసినంత తాపీగా సొరుగులోంచి రెండు కాగితాలు తీశారు. "మా ఇద్దరి మధ్య వ్యక్తిగత సంబంధం ఏదీ లేదు" అని అచ్చు వేసి ఉంది. సంతకాలు పెడితే ఇద్దరూ ఉండొచ్చు, పదకొండో గడి ఒక్కటీ మళ్ళీ నింపాలి. పెట్టకపోతే ఒకరు ప్రాజెక్టు వదిలి వెళ్ళాలి.

ఆమె పెన్ను మూత తీసింది. డాక్టరేటు మాట మరిచిపోయాను. ఆ పెన్ను కాగితానికి తగిలితే ఇక బతకడం దండగ అనిపించింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను. ఆమె కాసేపు ఆ అక్షరాల వంక చూసి, పెన్ను మూత పెట్టేసింది.

"అబద్ధం మీద సంతకం పెట్టలేను మేడమ్. నేను వెళ్ళిపోతాను," అంది.

"కాదు, నేను వెళ్తాను," అన్నాను.

"ఇక్కడ కూడా కలవలేదా?" అన్నారు మేడమ్. ఆవిడ నవ్వడం కేంద్రంలో ఎవరూ చూడలేదు, మేమూ చూశామని చెప్పలేను, ఎందుకంటే గబుక్కున కిటికీ వైపు తిరిగిపోయారు. చివరికి నన్ను కింది అంతస్తుకి పంపారు, ట్రాఫిక్ జరిమానాల ప్రాజెక్టుకి. నా డాక్టరేటు ఏడాది వెనక్కి పోయింది. ఎర్ర లైటు దాటినవాళ్ళలో పశ్చాత్తాపం గురించి అక్కడ ఎవరూ అడగరు, అదొక్కటే సుఖం.

అమ్మకి ఫోన్లో అంతా చెప్పాను. డాక్టరేటు గురించి ఓ నిట్టూర్పు విడిచింది. అమ్మాయి వాళ్ళన్నయ్య ఇప్పుడు ఏం చేస్తున్నాడని అడిగింది. తాళాల షాపు పెట్టుకున్నాడన్నాను. అయితే మన వీధి తలుపుకి ఓ మంచి తాళం వేయించమను, అమ్మాయిని కూడా తీసుకురా అంది.

ఆ సాయంత్రం మళ్ళీ కుండపోత. గుమ్మంలో ఆమె రెండు గొడుగులతో నిలబడి ఉంది. ఒకటి ఆమెది. రెండోది, పిడి మీద నా పళ్ళ గాట్లున్నది, నాది.

"నెల రోజులు నా బీరువాలో ఉంది. మీ భుజం తడుస్తుంటే రోజూ చూస్తూనే ఉన్నాను," అంది.

నేను జేబులోంచి పెన్ను తీశాను.

"పదకొండో గడి. నిందితురాలిలో పశ్చాత్తాపం కనిపించిందా?"

"సున్నా," అంది, తల ఎత్తి నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

నేనూ సున్నానే వేశాను. మా జవాబు కలిసింది. నా గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, ఆమె గొడుగు కిందికి వెళ్ళాను.