అద్దంలో పుట్టిన ఇంజన్

తెనాలి వాసిం లేత్ ముందు నిలబడితే లోహం తనంతట తానే ఒళ్లు వంచుతుందని ఎక్కడైనా సరే పందెం కాస్తాను. తలవెంట్రుకను నిలువునా చీల్చి, రెండు చీలికలకీ మరలు కోసి, ఒకదాంట్లో ఒకటి బిగించగలడు. పుట్టి బుద్ధెరిగాక పొరపాటు చేసిన పాపాన పోలేదు, దాని మీదా పందెమే.

అంతటి పనివాడి బతుకు మాత్రం ముసురు పట్టి ఉండేది. విడిభాగాలన్నీ డబ్బాల్లో రెడీమేడ్‌గా వస్తుంటే చేయించుకునేవాడెవడు? బజార్లోని వాళ్ల వర్క్‌షాపు మూతపడింది. ఆ దిగులుతోనే తండ్రి పోయాడు. మిగిలింది ఆ లేతూ, తల్లి జానీ బీ. ఇంటి వెనక రేకుల షెడ్డు కారితే, లేత్ మీద పట్టా కప్పి తాను తడిసేవాడు.

పగలు పంపుసెట్ల షాపులో కూలికి పోయేవాడు. సాయంత్రాలు ఒక పిచ్చి పని. రేపల్లె పాత ఇనుప కొట్లో కొన్న అల్యూమినియం దిమ్మను తొలిచి, పాతకాలపు మోటార్‌సైకిల్ ఇంజన్‌ను అరచేతిలో పట్టేంత చేస్తున్నాడు. పోత లేదు, అతుకు లేదు. అంతా దిమ్మలోంచి రావాల్సిందే.

నగ్మా అతనికి పరిచయమైంది చెప్పు వల్ల. ఆమె బాపట్లలో ఒక పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతుంది. ఒక సాయంత్రం రైలు దిగి వానలో ఇంటికొస్తుంటే, షెడ్డులోంచి నీళ్లలో కొట్టుకొచ్చిన, లేత్ చెక్కిన లోహపు చుట్ట ఒకటి చెప్పులో దూరి కాలు కోసింది. వెళ్లి తలుపు దబదబా బాదింది.

"ఏవండీ, మీరు జంతికలు చేసుకుంటే డబ్బాలో పోసుకోరా? వీధిలో పారేస్తారా?"

వాసిం ఆ చుట్టను అందుకుని లైటు కింద పట్టి చూశాడు. "సారీ అండి. కానీ చూడండి, ఎక్కడా తెగకుండా ఎంత నున్నగా వచ్చిందో!"

"నా కాలు కూడా అంతే నున్నగా తెగింది. అది కూడా చూస్తారా?"

చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. జానీ బీ పసుపు తెచ్చింది. అలా మొదలైంది.

మొదలైంది గానీ కదలలేదు. వాసిం మనసులో మాట చెప్పి, దానికో మెలిక పెట్టాడు. "ఇంజన్ మోగిన రోజే అమ్మీని మీ ఇంటికి పంపిస్తాను. మీ అబ్బా ముందు వట్టి చేతులతో నిలబడలేను."

"మా అబ్బాకి కావాల్సింది అల్లుడండి, సైలెన్సర్ కాదు," అనేది నగ్మా. అతను నవ్వేవాడు కాదు.

ఇంతలో కర్లపాలెం సంబంధం వచ్చింది. ఆదివారం పిల్లను చూసుకోవడానికి వస్తామన్నారు. ఆ సంగతి చెబుదామని నగ్మా షెడ్డుకు వెళ్లింది.

"సరిగ్గా టైముకొచ్చారు!" అంటూ వాసిం ఇంజన్‌కు చుట్టిన తువ్వాలు విప్పాడు. ఎన్నడూ లేనిది ముఖం వెలిగిపోతోంది. "ఇంకాస్త పనే ఉంది. శుక్రవారానికి మోగిస్తా."

నగ్మా ఇంజన్‌ను అరచేతిలో తిప్పి చూసింది. గోడకు అంటించిన డ్రాయింగ్ చూసింది. మళ్లీ ఇంజన్ చూసింది.

ఆ డ్రాయింగ్ నెట్‌లో దొరికిన ఫారిన్‌ది. మన దగ్గర వస్తువు కుడి పక్క ఎలా కనిపిస్తుందో కాగితం మీద ఎడమ వైపున గీస్తాం. వాళ్లు కుడి దాన్ని కుడి వైపునే గీస్తారు. ఐటీఐలో నేర్చుకున్న అలవాటుకొద్దీ వాసిం కుడిని ఎడమ చేశాడు, ఎడమను కుడి చేశాడు. పొరపాటు చేయడని నేను కాసిన పందెం ఉంది చూశారూ, అది హాయిగా ఓడిపోయాను. కొలతలన్నీ కరెక్టుగా పెట్టి ఇంజన్ మొత్తం తప్పు చేసినవాడు ఈ జిల్లాలో మా వాసిం ఒక్కడే.

చెప్పకపోతే శుక్రవారం మోగుతుంది, ఆదివారంలోపు జానీ బీ వస్తుంది. చెబితే అతను దీన్ని తుక్కులో వేసి మళ్లీ దిమ్మతో మొదలుపెడతాడు. నగ్మా నోరు మూసుకుందామనే అనుకుంది. కానీ ఆ ఇంజన్ తమ ఇంట్లోనే ఉంటుంది. దాన్ని చూసుకుని అతను మురిసినప్పుడల్లా తనకు ముళ్లు గుచ్చుకుంటాయి.

"కిక్ రాడ్ ఏ పక్కన ఉండాలండీ?"

"కుడి పక్కన."

"మరి ఇదేంటి?"

అతను చూశాడు. గోడ మీది డ్రాయింగ్ వైపు తిరిగాడు.

"అద్దంలో పుట్టిందండీ మీ ఇంజన్," అని నవ్వించబోయింది. "కర్లపాలెం వాళ్లు ఆదివారం వస్తున్నారు."

వాసిం తలెత్తలేదు. "కొత్త దిమ్మ కోసం రేపల్లె వెళ్లాలి," అన్నాడు.

"వెళ్లండి," అని గొడుగు కూడా మర్చిపోయి వచ్చేసింది.

ఆ వారమంతా ముసురే. బాపట్ల రైల్లో కిటికీ అద్దం మీద నీళ్లు జారుతుంటే ఆమె అటు తిరిగి కూర్చునేది, ఎవరూ ముఖం చూడకుండా. సాయంత్రాలు షెడ్డు పక్కనుంచి నడిస్తే లేత్ చప్పుడు లేదు. రేపల్లెలో దిమ్మ వెతుకుతున్నాడన్నమాట.

ఆదివారం పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. నగ్మా తండ్రి ఇమామ్ సాహెబ్ తీశాడు. ఆయన ఒకప్పటి మోటార్‌సైకిల్ మెకానిక్. గుమ్మంలో తడిసి ముద్దయిన జానీ బీ, వెనక తువ్వాలు మూటతో వాసిం.

"ఈ వానలో ఏంటి చెల్లెమ్మా?"

"నీ పిల్లని అడగడానికొచ్చాను భాయ్. వీడు పంపేదాకా ఆగితే నేను పైకి పోయేట్టున్నాను."

ఇమామ్ సాహెబ్ మూట విప్పాడు. "ఇదేంట్రా! ఎడమ కాలితో కిక్ కొడతావా?"

"తప్పు చేశాను చాచా. పక్కలు మార్చేశాను. ఇంకా మోగదు కూడా."

"మరెందుకు తెచ్చావు?"

"కొత్త దిమ్మ కోసం రేపల్లె బస్సెక్కానండి. దిమ్మ ఎప్పుడైనా దొరుకుతుంది కదా అనిపించింది." వాసిం నేల చూపులు చూశాడు. "దారిలోనే దిగిపోయాను."

కర్టెన్ వెనక గాజులు కదిలాయి.

"నగ్మా, నువ్వేమంటావమ్మా?"

"ఆ తప్పు పట్టుకున్నది నేనే అబ్బా," అంది నగ్మా ఏడుపూ నవ్వూ కలిసిన గొంతుతో. "ఇక దిద్దుకునేది కూడా నేనే."

ఇమామ్ సాహెబ్ బొటనవేలితో చిన్న చక్రాన్ని గిర్రున తిప్పాడు. ఇంజన్ ఖళ్లున ఒక్క దగ్గు దగ్గింది. ఆయన మీసం కదిలింది. ఫోన్ తీసి కర్లపాలెం కలిపాడు.

"సలామ్ భాయ్. ఇక్కడ వాన ఎక్కువగా ఉందండి, మీరు బయలుదేరకండి... రేపా? రేపూ వానేనండి... వచ్చే ఆదివారమా? మా వీధిలో అప్పుడూ వానే."

ఇదంతా జరిగిందే. ఇంజన్ దగ్గడం ఒక్కటే నా కల్పన. అప్పటికింకా అందులో పిస్టనే లేదు. దగ్గింది జానీ బీ.